చదివింది ఎందుకు నిలవదు, నిలవాలంటే ఏం చేయాలి

మీరు అడిగినవి మూడు విషయాలు. మీకు 38 ఏళ్లు, ఉద్యోగం చేసుకుంటూ నాలుగు నెలల్లో ప్రమోషన్ పరీక్ష రాయాలి, చదివింది రెండు రోజుల్లో పోతోంది, మనుషుల పేర్లూ గుర్తుండటం లేదు, జ్ఞాపకశక్తి తగ్గిపోతోందా అన్నది మొదటిది. మాత్రలు గానీ ఫోన్‌లో ఆడే బ్రెయిన్ గేమ్స్ గానీ పనికొస్తాయా అన్నది రెండోది. 68 ఏళ్ల మీ అమ్మగారు అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, కానీ చిన్ననాటి సంగతులు పూసగుచ్చినట్టు చెబుతున్నారు కాబట్టి కంగారు అక్కర్లేదు కదా అని చివర్లో ఒక్క వాక్యం రాశారు. జ్ఞాపకశక్తి సమస్యలతో వచ్చేవాళ్లను చాలా ఏళ్లుగా చూస్తున్న క్లినికల్ సైకాలజిస్టుగా నేను ఆ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. మీ పరీక్ష కన్నా ముందు చూడాల్సింది అదే.

పాత సంగతులు బాగా గుర్తుండటం ధైర్యం తెచ్చుకోవాల్సిన లక్షణం కాదండీ. కొత్త విషయాన్ని జ్ఞాపకంగా మార్చుకోవడం మెదడు చేసే ఒక పని. ఎప్పుడో స్థిరపడిన జ్ఞాపకాన్ని బయటికి తీయడం ఇంకో పని. మొదటిది దెబ్బతిన్న తర్వాత కూడా రెండోది చాలాకాలం బాగానే నడుస్తుంది. అల్జైమర్స్ తొలి దశలో తరచుగా కనిపించేది ఇదే. అలాగని అమ్మగారికి అదే వచ్చిందని నేను అనను, చూడకుండా ఎవరూ అనకూడదు. థైరాయిడ్ తక్కువైనా, బి12 విటమిన్ లోపించినా, డిప్రెషన్ ఉన్నా, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్నా మతిమరుపు వస్తుంది. కొన్ని నిద్రమాత్రలు, మత్తు తెప్పించే పాతరకం అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మందులు కూడా పెద్దవాళ్లలో మరుపును పెంచుతాయి. వినికిడి తగ్గినవాళ్లకు మీరు చెప్పిన జవాబు సగమే చేరుతుంది, అందుకే మళ్లీ అడుగుతారు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. కాబట్టి న్యూరాలజిస్టుకో, పెద్దవాళ్లను చూసే డాక్టరుకో త్వరలోనే చూపించండి. ఆమె వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఈ మార్పు ఎప్పటి నుంచి, ఏయే పనుల్లో కనిపించిందో ముందే కాగితం మీద రాసుకోండి. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఇంట్లో ఆమె అదే ప్రశ్న అడిగినప్పుడు "ఇందాకే చెప్పాను కదమ్మా" అనకుండా మళ్లీ చెప్పండి. ఆమె వరకు అది మొదటిసారి అడగడమే.

ఈ రెండు పనులూ వేరువేరని వైద్యశాస్త్రానికి గట్టిగా తెలిసింది హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ వల్ల. మందులకు లొంగని మూర్ఛ తగ్గించడానికి 1953లో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో రెండు వైపులా లోతున ఉండే హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. అప్పుడాయనకు 27 ఏళ్లు. ఫిట్స్ తగ్గాయి. మాట పోలేదు, తెలివి పోలేదు, చిన్నతనమూ పోలేదు. పోయింది ముఖ్యంగా ఒక్కటే, కొత్త జ్ఞాపకం ఏర్పడటం. దశాబ్దాల పాటు ఆయన్ను పరిశీలించిన సైకాలజిస్టు బ్రెండా మిల్నర్ కూడా కలిసిన ప్రతిసారీ ఆయనకు కొత్త మనిషే. 2008లో చనిపోయేదాకా ఇంతే. అయితే మిల్నర్ ఒక పరీక్ష పెట్టారు. చేతిని నేరుగా చూడకుండా, అద్దంలో కనిపించే ప్రతిబింబాన్ని మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీయాలి. రోజురోజుకీ ఆయన చేయి మెరుగుపడింది. ఆ పని అంతకుముందు తాను చేసినట్టు మాత్రం ఆయనకు ఏ రోజూ తెలియదు. చేతికి అలవాటయ్యే నేర్పు ఒక దారిలో, జరిగిన సంగతి ఇంకో దారిలో నిలుస్తాయని అలా తేలింది.

ఇక మీ సంగతి. మెదడు పనిచేసే వేగం, ఒకేసారి మనసులో పట్టుకోగల సమాచారం యవ్వనం దాటాక నెమ్మదిగా తగ్గుతాయన్నది నిజమే. 38 ఏళ్లకు ఆ తేడా చాలా చిన్నది, పైగా పదసంపద, విషయ పరిజ్ఞానం ఆ వయసు దాటాక కూడా పెరుగుతూనే ఉంటాయి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ మెదడు దాచుకోలేకపోవడం లేదు. దాచుకున్నదాన్ని బయటికి తీసే పని మీరు దానికి ఇవ్వడం లేదు. రోజూ రెండు గంటలు చదువుతున్నానని, ముఖ్యమైన లైన్లకు హైలైటర్ పూస్తానని, ఆదివారం మొదటి నుంచి మళ్లీ చదువుతానని రాశారు. ఆ లెక్కంతా లోపలికి పంపడమే. చదివింది పుస్తకం మూసి బయటికి తీసిన సమయం ఎక్కడా కనిపించలేదు.

దీన్ని బాగా చూపించిన ప్రయోగం హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసింది. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. ఒక గుంపు నాలుగు విడతల్లోనూ దాన్ని చదువుతూనే ఉంది. సగటున 14 సార్లు చదివారు. ఇంకో గుంపు మొదటి విడతలో మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాసింది. వీళ్లు చదివింది సగటున మూడు సార్లకు కాస్త పైన, అంతే. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత పరీక్ష పెట్టినవాళ్లలో అది తిరగబడింది. చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందుగా అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే.

మీరు మోసపోతున్నదీ అక్కడే. ఆదివారం రెండోసారి చదివేటప్పుడు పేజీ పరిచయంగా కనిపిస్తుంది, తర్వాతి వాక్యం ఏమొస్తుందో ముందే తెలిసినట్టు ఉంటుంది, వచ్చేసిందన్న తృప్తి కలుగుతుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. పరీక్ష హాల్లో కావాల్సింది రెండోది. గట్టున కూర్చుని చూస్తే ఈత రాదు కదా. జాన్ డన్‌లాస్కీ, ఆయన తోటి పరిశోధకులు 2013లో చదువుకునే పద్ధతులు పదింటిని పోల్చి చూసినప్పుడు హైలైట్ చేయడం, మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్న జాబితాలోకి వెళ్లాయి. అన్నిటికన్నా పైన నిలిచినవి రెండే: తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, చదువును రోజుల మీద విడదీయడం.

బయటికి తీయడానికి అంత బలం ఎక్కడిది? జ్ఞాపకం మెదడులో ఒకే చోట ఫైలులా కూర్చుని ఉండదు. ఒక సంఘటనలో చూసింది, విన్నది, అర్థమైంది వేరువేరు చోట్ల ఉన్న న్యూరాన్ల, అంటే మెదడు కణాల మధ్య కనెక్షన్లుగా నిలుస్తాయి. కలిసి పనిచేసిన కణాల మధ్య కనెక్షన్ బలపడుతుంది. దాన్ని టిమ్ బ్లిస్, టెరియె లోమో కుందేళ్ల హిప్పోకాంపస్‌లో కొలిచి 1973లో ప్రచురించారు. సముద్రపు నత్త లాంటి అప్లీసియా అనే జీవిలో ఇలాంటి మార్పులు కణం స్థాయిలో ఎలా జరుగుతాయో చూపించిన ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మనం ఒక విషయాన్ని కష్టపడి గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ ఆ కనెక్షన్లు మళ్లీ పనిచేస్తాయి, ఎక్కడి నుంచి మొదలుపెట్టినా అక్కడికి చేరే దారులు పెరుగుతాయి. పుస్తకం ఎదురుగా ఉంటే ఆ వెతుకులాటే జరగదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గుర్తు తెచ్చుకోవడం అంటే ప్రతిసారీ ముక్కలను మళ్లీ కూర్చుకోవడమే. ఆ కూర్పులో తప్పులు దూరతాయి. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో కార్లు గుద్దుకున్న వీడియో చూపించి, కొందరిని కార్లు "తగిలినప్పుడు" ఎంత వేగంలో ఉన్నాయని, కొందరిని "నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు" ఎంత వేగంలో ఉన్నాయని అడిగారు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగితే మొదటి గుంపులో 14 శాతం, రెండో గుంపులో 32 శాతం చూశామన్నారు. వీడియోలో పగిలిన గాజే లేదు. అందుకే చూడకుండా రాసిన తర్వాత తప్పనిసరిగా పుస్తకం తెరిచి సరిచూసుకోండి. సరిచూసుకోని తప్పు కూడా ఒప్పులాగే గట్టిపడుతుంది.

ఇక ఎప్పుడు తీయాలన్నది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ సైకాలజిస్టు అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, ఎంత సమయానికి ఎంత పోతోందో తన మీదే కొలుచుకుని 1885లో ప్రచురించారు. మొదటి గంటలోనే సగానికి పైగా పోయింది, రోజు గడిచేసరికి మూడో వంతు మిగిలింది, కానీ నెల తర్వాత కూడా అయిదో వంతు నిలిచే ఉంది. మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నిదానంగా సాగుతుంది. అర్థమున్న పాఠం ఇంతకన్నా నెమ్మదిగా పోతుంది, కానీ తీరు అదే. మీరు రెండు రోజుల్లో మరచిపోవడంలో జబ్బేమీ లేదు. కొంచెం మరుపు పడుతున్న సమయంలో గుర్తు తెచ్చుకుంటే వచ్చే లాభం, తాజాగా ఉన్నప్పుడు తెచ్చుకుంటే రాదు. నికొలస్ సెపెడా బృందం 2008లో వెయ్యిమందికి పైగా మనుషులతో చేసిన అధ్యయనంలో, వారం తర్వాత గుర్తుండాలంటే ఒక రోజు ఎడం బాగా పనిచేసింది. నెలకు పైగా గుర్తుండాలంటే సుమారు పదకొండు రోజులు, రెండు నెలలు దాటితే మూడు వారాల ఎడం బాగుంది. హ్యారీ బారిక్ కుటుంబం 1993లో విదేశీ పదాలు నేర్చుకుని ఏళ్ల తరబడి పరీక్షించుకుంది. 56 రోజుల ఎడంతో 13 సార్లు చేసిన సాధన, 14 రోజుల ఎడంతో 26 సార్లు చేసినదానితో సమానంగా నిలిచింది. శ్రమ సగం, ఫలితం అంతే. ఎడం పెరిగిన కొద్దీ గుర్తు తెచ్చుకోవడం కష్టంగా ఉంటుంది, మధ్యలో విసుగొస్తుంది. ఆ కష్టం సరిగా సాగుతోందనడానికి గుర్తు, దయచేసి మానేయకండి.

లోపలికి వెళ్లే దశలో చేయాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. మనసులో అప్పటికప్పుడు పట్టుకోగలిగినవి ఏడు అంశాలని 1956లో జార్జ్ మిల్లర్ అన్నారు, నెల్సన్ కోవన్ 2001 నాటికి దాన్ని నాలుగుకు తగ్గించారు. అంత ఇరుకైన గుమ్మంలో ఫోన్ నోటిఫికేషన్ ఒకటి నిలబడితే పాఠానికి చోటుండదు. చదివేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఉండాలి, బోర్లా పెట్టి పక్కన ఉంచుకోవడం చాలదు. రెండోది అర్థం. ఫెర్గస్ క్రైక్, ఎండెల్ టల్వింగ్ 1975లో కొందరికి పదాలు చూపించి కొన్నిటికి అక్షరాలు ఎలా ఉన్నాయని, కొన్నిటికి ప్రాస కుదిరిందా అని, కొన్నిటికి ఫలానా వాక్యంలో అర్థం సరిపోతుందా అని అడిగారు. తర్వాత చెప్పకుండా పరీక్ష పెడితే అర్థం గురించి ఆలోచించిన పదాలే బాగా మిగిలాయి. గుర్తుంచుకోవాలన్న పట్టుదల కన్నా ఆ విషయంతో ఏం చేశామన్నది ముఖ్యం. ప్రతి నిబంధన దగ్గరా ఇది ఎందుకు పెట్టారు, లేకపోతే ఏమవుతుంది, నా ఆఫీసులో ఏ ఫైలుకు వర్తిస్తుంది అని అడుగుతూ చదవండి. మీకు ఉద్యోగ అనుభవం ఉంది, కాలేజీ కుర్రవాడికి లేని బలం అది.

పేర్ల విషయంలో మీరు అనవసరంగా బెంగపడుతున్నారు. పరిచయం చేసుకునే క్షణంలో మన ధ్యాస ఎదుటివాళ్ల ముఖం మీద, మనం చెప్పబోయే మాట మీద ఉంటుంది. పేరు చెవిన పడుతుంది గానీ లోపలికి వెళ్లదు. వెళ్లనిదాన్ని మరచిపోవడం ఉండదు. పేరు వినగానే ఒకసారి పలకండి, రెండు నిమిషాల తర్వాత మనసులో తెచ్చుకోండి, సెలవు తీసుకునేటప్పుడు పేరు పెట్టి పిలవండి. ఇది కూడా ఎడం ఇచ్చి బయటికి తీయడమే.

బ్రెయిన్ గేమ్స్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, పరీక్ష కోసమైతే వద్దు. 1980లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో ఒక విద్యార్థి రెండు వందల గంటలకు పైగా సాధన చేసి, వరుసగా వినిపించే అంకెలను ఏడు నుంచి 79 దాకా గుర్తుంచుకునే స్థాయికి వచ్చాడు. అతను పరుగు పందేల్లో పాల్గొనేవాడు, అంకెల గుంపులను పరుగు సమయాలుగా ఊహించుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగాడు. అంటే అతను పెంచుకున్నది అంకెల మీద నేర్పు. చదరంగంలోనూ అంతే. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చూసింది ఏమిటంటే, నిజమైన ఆటలోంచి తీసిన బోర్డును మాస్టర్ కొన్ని సెకన్లు చూసి చాలావరకు పేర్చగలడు. పావులను ఇష్టమొచ్చినట్టు చల్లిన బోర్డు దగ్గర కొత్త ఆటగాడికీ అతనికీ పెద్ద తేడా లేదు. మీరు ఏ ఆట ఆడితే ఆ ఆట బాగా వస్తుంది. లుమోసిటీ అనే యాప్ సంస్థ ప్రకటనల్లో చెప్పినంత రుజువు లేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 2016లో ఆ సంస్థ 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

తెలిసిన ఇంట్లో ఒక్కో చోట ఒక్కో విషయాన్ని ఊహించి పెట్టుకునే ప్రాచీన గ్రీకు పద్ధతి మాత్రం నిజంగా పనిచేస్తుంది. మార్టిన్ డ్రెస్లర్ బృందం 2017లో మామూలు మనుషులకు ఆరు వారాలు నేర్పితే, 72 పదాల జాబితాలో 26 దాకా చెప్పగలిగేవాళ్లు 62 దాకా చెప్పగలిగారు. సెక్షన్ల వరుస, కమిటీ సభ్యుల జాబితా లాంటి వాటికి వాడుకోండి. అర్థం చేసుకుని రాయాల్సిన జవాబులకు ఇది ఉపయోగపడదు.

మాత్రల్లో ఎక్కువగా అమ్ముడయ్యే, ఒక చెట్టు ఆకుల సారమైన జింకో బిలోబా మీద 75 ఏళ్లు, ఆ పైబడినవాళ్లు 3,069 మందితో అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా మతి తగ్గిపోయే జబ్బు రావడాన్ని అది తగ్గించలేదు. రక్తపరీక్షలో బి12 గానీ థైరాయిడ్ గానీ తక్కువని తేలితే దానికి మందు వేసుకోండి, అది వేరే విషయం. ఆరోగ్యవంతుడి జ్ఞాపకశక్తిని పెంచే మాత్ర ఉందని నేను నమ్మను. అమ్మగారికైనా మీకైనా దీర్ఘకాలంలో మెదడును కాపాడేవి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అదుపు, రోజూ చెమట పట్టేంత నడక, తగ్గిన వినికిడికి హియరింగ్ ఎయిడ్, పొగ మానడం, నలుగురితో కలవడం. ఇలాంటి 14 కారణాలను సరిదిద్దితే ప్రపంచంలో 45 శాతం దాకా డిమెన్షియాను ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక ఏర్పాటు చేసిన కమిషన్ అంచనా వేసింది.

నిద్ర గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రాత్రి ఒంటిగంట దాకా చదువుతున్నానని రాశారు, మానేయండి. 1994లో మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ ఎలుకల హిప్పోకాంపస్‌ను గమనిస్తే, పగలు తిరిగిన చోట్లకు కలిసి పనిచేసిన కణాలే గాఢనిద్రలో మళ్లీ కలిసి పనిచేస్తున్నాయి. పగలు నేర్చుకున్నది ఎక్కువగా స్థిరపడేది ఆ సమయంలోనే. నిద్ర చాలకపోతే మర్నాడు కొత్త విషయం ఎక్కదు కూడా. ఏడు గంటలు నిద్రపోయి గంటన్నర చదవడం, అయిదు గంటలు పడుకుని మూడు గంటలు చదవడం కన్నా మేలు.

పరీక్ష హాల్లో అంతా ఖాళీ అయిపోతుందని భయపడుతున్నారు. టెన్షన్‌లో విడుదలయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి అడ్డుపడుతుంది, చదివింది చెరిగిపోయిందని కాదు. గుర్తురాని ప్రశ్న వదిలి, జవాబు తెలిసిన ప్రశ్న రాయండి, కాసేపటికి అదీ గుర్తొస్తుంది. చివరి నెలలో వారానికోసారి గడియారం పెట్టుకుని, పుస్తకం లేకుండా పూర్తి పేపర్ రాస్తే ఆ పరిస్థితే అలవాటవుతుంది.

మీ నాలుగు నెలలకు నేను చెప్పే పద్ధతి ఇది. రోజూ కూర్చోగానే కొత్త పాఠం తెరవకుండా, నిన్నటిది తెల్లకాగితం మీద పదిహేను నిమిషాలు రాయండి. రాక ఆగిపోతే ఓ నిమిషం వెతుక్కోండి, వెంటనే చూడకండి. తర్వాత పుస్తకం తెరిచి తప్పులు ఎర్రసిరాతో దిద్దండి. అప్పుడు కొత్త పాఠం, చదువుతూనే దాని నుంచి పది ప్రశ్నలు అట్టముక్కల మీద, జవాబు వెనకవైపు. ఆ ముక్కలను మూడు రోజులకోసారి, పది రోజులకోసారి, మూడు వారాలకోసారి అని మూడు పెట్టెల్లో పెట్టండి. జవాబు సరిగా వస్తే ముక్క తర్వాతి పెట్టెలోకి వెళ్తుంది, తప్పితే మొదటి పెట్టెకు తిరిగి వస్తుంది. వచ్చినవాటినే మళ్లీ మళ్లీ తిరగేయాలనిపిస్తుంది, దానికి లొంగకుండా సమయమంతా రానివాటి మీద పెట్టండి. మొదటి రెండు వారాలు మీ కాగితం సగం ఖాళీగా, మిగతా సగం ఎర్రగా ఉంటుంది. పాత పద్ధతే నయమనిపిస్తుంది. మూడో వారంలో మొదటి రోజు పాఠాన్ని చూడకుండా రాసి చూడండి, అప్పుడు ఏ పద్ధతి కొనసాగించాలో మీరే నిర్ణయించుకోండి. అమ్మగారి అపాయింట్‌మెంట్ మాత్రం ఈ వారమే తీసుకోండి.